షుగరుకు హైడ్రోజన్ నీళ్ళు: సైన్సు మాస్టారి నాలుగు ప్రశ్నలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "డాక్టరువు గదా, ఆరోగ్యం గురించి ఏదన్నా చెప్పు. భయపెట్టొద్దు. మధ్యాహ్నం ఓళిగలు పెట్టిస్తాండాం" అన్నారు. ఓళిగల ముందు షుగరు గురించి మాట్లాడటం మర్యాద కాదని నాకూ తెలుసు. అయినా ఈ సంవత్సరం మన బ్యాచిలో జరిగిన ఒక సంగతి నా మనసులో ఉండిపోయింది. అది చెప్పడానికి ఇంతకన్నా సరైన చోటు నాకు కనిపించలేదు. ఎందుకంటే ఆ కథ ఈ బడిలోనే, ఆ మూల సైన్సు గదిలోనే మొదలైంది.

మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రోజు మా సైన్సు మాస్టారు పరీక్షనాళికలో నాలుగు జింకు ముక్కలు వేసి, వాటి మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశారు. బుడగలు వచ్చాయి. నాళిక మూతి దగ్గరకు అగ్గిపుల్ల తెమ్మన్నారు. ‘టప్’ అని శబ్దం వచ్చింది. నాళిక పట్టుకున్నవాడు నా బెంచి మిత్రుడు. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ఉలిక్కిపడ్డాడే గాని నాళికను వదల్లేదు.

మాస్టారు వాణ్ణి అడిగారు: "ఇది హైడ్రోజన్ అని నీకెట్ల తెలుసు?"

"మీరు చెప్పినారు సార్."

"నేను చెప్తే అయిపోతుందా? ఎన్నిసార్లు చేసి చూసినావు? ఎంతసేపు చూసినావు? దేనితో పోల్చి చూసినావు? కొలిచినోడు ఎవడు?"

ఆ నాలుగు ప్రశ్నలూ ఆయన ప్రతి ప్రయోగానికీ అడిగేవారు. మాకు విసుగొచ్చేది. పరీక్షలో ఎటూ రావు గదా అనుకునేవాళ్ళం. జీవితంలో వస్తాయని అప్పుడు మాకు తెలియదు.

ఇప్పుడు ఏడాదిన్నర వెనక్కి వస్తాను. మన బ్యాచి వాట్సాప్ గ్రూపులో అదే మిత్రుడు ఒక వీడియో పెట్టాడు. ఒక గాజు సీసా, అడుగున చిన్న యంత్రం, బటన్ నొక్కితే నీళ్ళలో సన్నని బుడగలు. కింద వాడే రాశాడు: "ఇది హైడ్రోజన్ నీళ్ళ సీసా. షుగరు, బీపీ, కొవ్వు మూడూ తగ్గుతాయంట. ప్రొద్దుటూరులో మీటింగు పెడితే పోయి కొన్నా. ఇరవై వేలు. మన డాక్టరు ఏమంటాడో చూద్దాం."

నేను ఏమన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. "ఇరవై వేలకు నాకు చెప్పింటే జింకు ముక్కలు, ఆమ్లం నేనే తెచ్చిచ్చేవాణ్ణి గదరా" అని రాసి, నవ్వే బొమ్మలు మూడు పెట్టాను. గ్రూపంతా నవ్వింది. వాడూ ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. ఆ తర్వాత వాడు ఆ సీసా మాట గ్రూపులో ఎత్తలేదు. నాతోనూ ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

పోయిన ఏడాది చివర్లో ఒక రాత్రి వాడి భార్య ఫోన్ చేసింది. "అన్నా, ఆయన కాలికి పుండైంది. వాసన వస్తాంది. మాత్రలు మానేసి ఏడు నెలలైంది. నీకు చెప్పొద్దన్నాడు, నవ్వుతావని."

ఆ చివరి మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

వాడిది నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ. రాతి పెచ్చు ఒకటి చెప్పులోకి దూరి పాదం కింద గుచ్చుకుంది. షుగరు ముదిరితే పాదాల నరాలు మొద్దుబారతాయి. అది గుచ్చుకున్న సంగతి వాడికి రెండు రోజులు తెలియనే లేదు. ఆసుపత్రిలో చేర్చేసరికి షుగరు నాలుగు వందలు దాటింది. కాలు దక్కింది, రెండు వేళ్ళు పోయాయి. వాడు ఈ రోజు సభలో ఉన్నాడు. ఈ సంగతి చెప్పమన్నది కూడా వాడే. "పేరు చెప్పొద్దు. చెప్పకపోయినా ఎవరని అడిగేవాడు మన బ్యాచిలో ఎట్లా ఉండడు" అన్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వాణ్ణి చూసి నవ్వినప్పుడు నేను ఆ నీళ్ళ గురించి ఏమీ చదవలేదు. చదవకుండా నమ్మడం వాడి తప్పయితే, చదవకుండా నవ్వడం నా తప్పు. వాడు ఆసుపత్రిలో ఉన్న పదిహేను రోజులూ రాత్రిళ్ళు కూర్చుని చదివాను. చదివింది మాస్టారి నాలుగు ప్రశ్నలతోనే మీ ముందు పెడతాను.

ముందు వ్యాధి సంగతి. మెటబాలిక్ సిండ్రోమ్ అనే పేరు మీలో చాలామంది రిపోర్టుల్లో చూసే ఉంటారు. అయిదు కొలతలున్నాయి. నడుము చుట్టుకొలత మన దేశపు మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటడం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 150 దాటడం. మంచి కొలెస్టరాల్ మగవారికి 40, ఆడవారికి 50 కన్నా తక్కువ ఉండటం. బీపీ 130కి 85 దాటడం. పరగడుపు షుగరు 100 దాటడం. ఈ అయిదింటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం. ఇవన్నీ కలిసి ఎందుకు వస్తాయో 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ వివరించారు. ఇన్సులిన్ ఉన్నా శరీరం దాని మాట వినకపోవడమే వీటి మూలమని చెప్పారు.

మనకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే కె.సి. కాలువను తలచుకోండి. కాలువలో నీళ్ళు షుగరు. పొలాలు మన కండరాలు. తూము ఎత్తే లష్కరు ఇన్సులిన్. కాలేయంలోనూ కండరాల్లోనూ కొవ్వు చేరితే తూముకు పూడిక పట్టినట్టే. ఒక లష్కరు ఎత్తలేని తూమును నలుగురు ఎత్తాలి. క్లోమం కొన్నేళ్ళు నలుగురినీ పంపుతుంది. తర్వాత అదీ అలసిపోతుంది. అప్పుడు కాలువ గట్టు దాటుతుంది, పొలం మాత్రం ఎండుతుంది. షుగరు మనిషికి రక్తంలో చక్కెర నిండా ఉన్నా నీరసంగా ఉండేది అందుకే.

ఇది ఎవరికో వచ్చే జబ్బు కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది సరిహద్దులో ఉన్నారు. ఈ సభలో నడుములు కొలిస్తే చాలామంది లెక్కలోకి వస్తారు. నాది 96. పోయిన నెల నా పరగడుపు షుగరు 112. ఉపదేశం చేసేవాడు ముందు తన లెక్క చెప్పాలి గదా.

ఇక హైడ్రోజన్. చిన్నప్పుడు చదువుకున్నదే, అన్ని మూలకాల్లో తేలికైనది. షుగరు, కొవ్వు ఎక్కువైనప్పుడు మన కణాల్లో కొన్ని చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టి కణాన్ని తుప్పు పట్టించినట్టు పాడుచేస్తాయి. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. హైడ్రోజన్ వాయువు వాటిలో అతి ప్రమాదకరమైనదాన్ని ఎంచుకుని తటస్థం చేస్తుందని, మెదడుకు రక్తం ఆగిపోయిన ఎలుకల్లో నష్టాన్ని తగ్గించిందని అందులో చూపించారు. మంచి పత్రిక, మంచి పరిశోధన. కానీ అవి ఎలుకలు. దాని తర్వాత మనుషుల మీద పరిశోధనలు మొదలయ్యాయి.

మొదటి ప్రశ్న: ఎంతమంది మీద చేశారు?

2008లో జపాన్ వైద్యులు 36 మంది మీద చేశారు. అందులో 30 మంది షుగరు ఉన్నవారు, ఆరుగురు సరిహద్దులో ఉన్నవారు. రోజుకు 900 మిల్లీలీటర్ల హైడ్రోజన్ నీళ్ళు 8 వారాలు తాగించారు. చెడు కొలెస్టరాల్‌లో ఒక రకం తగ్గింది. సరిహద్దులో ఉన్న ఆరుగురిలో నలుగురికి గ్లూకోజు తాగించి చేసే పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. ఈ నలుగురే ప్రకటనల్లోకి వచ్చేసరికి ‘షుగరు నార్మల్ అయింది’ అనే మాటగా మారారు. వారు షుగరు రోగులు కారు, సరిహద్దులో ఉన్నవారు. పైగా నలుగురు. మన బడిలో ఒక వరుస బెంచీలు కూడా నిండవు.

2010లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మెటబాలిక్ సిండ్రోమ్ వచ్చే సూచనలున్న 20 మందికి రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు 8 వారాలు ఇచ్చారు. మంచి కొలెస్టరాల్ 8 శాతం పెరిగింది. 2020లో మన దేశపు వైద్యులు, విదేశీ పరిశోధకులు కలిసి మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్న 60 మంది మీద చేసిన పరిశోధన వచ్చింది. అందులో షుగరు, మూడు నెలల సగటు చూపే హెచ్‌బిఏ1సి, కొలెస్టరాల్ మూడూ తగ్గాయి. ఇది తీసిపారేయాల్సిన ఫలితం కాదు. నేను గ్రూపులో నవ్వినప్పుడు ఇది అచ్చయి ఉంది. నాకు తెలియదు.

రెండో ప్రశ్న: ఎన్నాళ్ళు చేశారు?

8 వారాలు, 8 వారాలు, 24 వారాలు. షుగరు మనిషితో నలభై ఏళ్ళు కాపురం చేస్తుంది. కన్ను, మూత్రపిండం, గుండె, పాదం దెబ్బతినకుండా ఆ నీళ్ళు కాపాడతాయా అన్నది 24 వారాల్లో తేలదు. మెట్‌ఫార్మిన్ మాత్రను ఏళ్ళ తరబడి, వేల మంది మీద పరీక్షించారు. రెండింటినీ ఒకే తక్కెడలో తూచలేం.

మూడో ప్రశ్న: దేనితో పోల్చారు?

2010 పరిశోధనలో పోలికకు వేరే గుంపు లేదు. ఇరవై మందీ తాము ఏమి తాగుతున్నారో తెలిసే తాగారు. 2008లోనూ 2020లోనూ పోలిక ఉంది, అది మంచి పద్ధతి. పోలిక ఎందుకంత ముఖ్యమో నా మిత్రుడి కథే చెబుతుంది. సీసా కొన్న మొదటి రెండు నెలల్లో వాడి షుగరు నిజంగానే తగ్గింది. వాడు అబద్ధం చెప్పలేదు, రిపోర్టులు నేను చూశాను. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని అడిగాను.

"ఆ రెండు నెలలూ ఇంకేం మార్చినావురా?"

"రోజుకు ఆరు టీలు తాగేవాణ్ణి. ఈ నీళ్ళు తాగేటప్పుడు టీ తాగొద్దన్నారు, మానేసినా. కూల్‌డ్రింకులు మానేసినా. పొద్దున్నే పెన్నేటి గట్టు మీద నడవమన్నారు, నడిచినా."

"మాత్రలు?"

"అప్పుడు వేసుకుంటానే ఉన్నా. షుగరు తగ్గింది గదా అని మూడో నెల్లో మానేసినా."

ఆరు టీల చక్కెర పోయింది. కూల్‌డ్రింకుల చక్కెర పోయింది. నడక వచ్చింది. మాత్ర ఉంది. ఇన్ని కలిసి షుగరును తగ్గిస్తే పేరు మాత్రం సీసాకు వచ్చింది. తర్వాత ఎండాకాలం నడక ఆగింది, టీలు మళ్ళీ మొదలయ్యాయి, మాత్ర లేదు. సీసా మాత్రం ఉంది. షుగరు నాలుగు వందలైంది. హైడ్రోజన్ నీళ్ళు వాడి వేళ్ళు తీయలేదు. ఆ నీళ్ళను నమ్ముకుని మాత్ర మానేయడమే తీసింది.

నాలుగో ప్రశ్న: కొలిచినోడు ఎవడు?

మీటింగులో వేదికెక్కి ‘నాకు తగ్గింది’ అని చెప్పినవారు ఆ సీసాలు అమ్మితే కమిషన్ వచ్చేవారేనని మా మిత్రుడికి తర్వాత తెలిసింది. సీసాలో హైడ్రోజన్ ఎంతుందో కొలిచి చూపించినవారు లేరు. ఈ నీళ్ళ మోజు మొదలైన జపాన్‌లోనే 2016లో జాతీయ వినియోగదారుల కేంద్రం బజారులో ఉన్న సరుకును పరీక్షించింది. ప్లాస్టిక్ సీసాల్లో అమ్మేవాటిలో హైడ్రోజన్ దొరకనివి కూడా ఉన్నాయి. అంత చిన్న అణువు ప్లాస్టిక్ గోడలోంచి కూడా జారిపోతుంది. మూత తీసి పెడితే చెప్పనక్కరలేదు.

పొద్దుటూరులో బంగారం అంగట్లో గీటురాయి మీద గీయకుండా, తూకం చూడకుండా మనలో ఎవరైనా ఉంగరం కొంటారా? అమ్మమ్మ గొలుసు అయినా సరే, గీసి చూస్తేగాని షావుకారి మాట నమ్మం. అదే ఊళ్ళో, ఇరవై వేలు పోసి, గీయకుండా, తూచకుండా వాయువు కొన్నాం. వాయువు కంటికి కనపడదు కాబట్టి ఇంకా గట్టిగా అడగాల్సింది.

చిన్న లెక్క ఒకటి చెబుతాను. మామూలు గాలి పీడనంలో లీటరు నీళ్ళలో కరిగే హైడ్రోజన్ సుమారు 1.6 మిల్లీగ్రాములు. వాయువుగా కొలిస్తే 20 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసులో నాలుగో వంతు కూడా కాదు. తక్కువ కాబట్టి పనిచేయదని నేను అనను. థైరాయిడ్ మాత్రలో మందు అంతకన్నా ఎంతో తక్కువ, అయినా పనిచేస్తుంది. కానీ ఇంకో సంగతి ఉంది. మన పేగుల్లోని సూక్ష్మజీవులు రోజూ హైడ్రోజన్ తయారుచేస్తూనే ఉంటాయి. అలసందలు, ఉలవలు, ఎర్రగడ్డలు, కొర్రలు తిన్నప్పుడు అరగకుండా మిగిలిన పీచును అవి పులియబెడతాయి. ఆ వాయువు రక్తంలో కలిసి ఊపిరిలో బయటికొస్తుంది. డాక్టర్లు దాన్ని కొలిచి పేగు జబ్బులు కనిపెడతారు కూడా. సీసా ఇచ్చేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మన కడుపే ఇస్తుంది. ఉలవచారు తాగి ఇబ్బందిపడ్డ ప్రతివాడికీ ఈ పరిశోధన తెలుసు. అందుకు ఎవరూ ఇరవై వేలు అడగలేదు.

ఇంకో మిత్రురాలి సంగతి చెప్పాలి. మన బ్యాచే. పులివెందుల వైపు ఊళ్ళో టీచరుగా చేసి రిటైరైంది. అక్కడ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. వాళ్ళ అమ్మ తరం కీళ్ళు వంగి నడిచింది. కాబట్టి నీళ్ళ గురించి ఎవరేం చెప్పినా అక్కడి మనిషి చెవి ఒగ్గి వింటుంది. మనం దాన్ని అమాయకత్వం అనకూడదు. చెడ్డ నీళ్ళు ఒళ్ళు పాడుచేయడం చూసినవారు, మంచి నీళ్ళు ఒళ్ళు బాగుచేస్తాయని ఎందుకు నమ్మరు? నీళ్ళ కోసం తరతరాలు ఎదురుచూసిన మన సీమలో నీళ్ళమ్మేవాడికి సగం పని ముందే అయిపోయి ఉంటుంది.

ఆమె కూడా సీసా కొన్నది. కానీ మాస్టారి శిష్యురాలు గదా. కొన్న రోజు హెచ్‌బిఏ1సి పరీక్ష చేయించింది. 7.9. మాత్రలు, తిండి, నడక ఏమీ మార్చలేదు. సీసా నీళ్ళు మాత్రం రోజుకు లీటరు చొప్పున తాగింది. మూడు నెలలకు మళ్ళీ చేయించింది. 7.8. నాకు రిపోర్టు పంపి రాసింది: "అన్నా, పాయింట్ ఒకటి తగ్గింది. ల్యాబు తేడా కూడా అంతే ఉంటుంది గదా?" ఒక్క మనిషి లెక్కతో శాస్త్రం తేలదు, నిజమే. కానీ అడగాల్సిన పద్ధతి అది. సీసా ఇప్పుడు ఆమె ఇంట్లో చల్లని నీళ్ళకు వాడుతున్నారు.

మరి ఏది పనిచేస్తుంది? మనకు దగ్గర్లో చెన్నైలోనే జరిగిన పరిశోధన ఉంది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం సరిహద్దులో ఉన్న 531 మందిని రెండున్నర ఏళ్ళు చూసింది. ఫలితాలు 2006లో వచ్చాయి. ఏమీ చేయనివారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. రోజూ అరగంట నడిచి, తిండి మార్చుకున్నవారిలో 39 మందికి వచ్చింది. మెట్‌ఫార్మిన్ తక్కువ మోతాదులో వేసుకున్నవారిలోనూ దాదాపు అంతే. ఎక్కువ మందిని, ఎక్కువ కాలం, పోల్చి చూశారు. మాస్టారు మార్కులు వేసేవారు. నడకకు ఎవరూ మీటింగు పెట్టరు, ఎందుకంటే అందులో కమిషన్ లేదు.

మన ఊరి తిండి గురించి ఒక్క మాట. రాగి సంగటి మంచిదని రెండు ముద్దలు లాగించేవారు నా దగ్గరికి రోజూ వస్తారు. సంగటి కూడా పిండే. ఒక ముద్ద, దానికి రెండింతలు ఆకుకూర పప్పు తినండి. చీనీ రసం తాగడం కన్నా చీనీకాయ ఒలిచి తినండి. ఈ రోజు ఓళిగ ఒకటి తినండి, రెండోది పక్కన కూర్చున్న సన్నటి మిత్రుడికి ఇవ్వండి.

హైడ్రోజన్ నీళ్ళు తాగాలని ఎవరికైనా ఉంటే నేను ఈసారి నవ్వను. నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి, మాత్ర గానీ ఇన్సులిన్ గానీ మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గించొద్దు. షుగరు తగ్గితే మీ డాక్టరే తగ్గిస్తారు.

రెండు, మొదలుపెట్టే ముందు హెచ్‌బిఏ1సి చేయించండి, మూడు నెలలకు మళ్ళీ చేయించండి. ఈలోగా ఇంకేదీ మార్చొద్దు.

మూడు, మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత ఉన్నవారు డాక్టరును అడగకుండా తాగొద్దు. వారికి ఏ నీళ్ళయినా రెండు లీటర్లు ఎక్కువ కావచ్చు. నీళ్ళలో వేసే హైడ్రోజన్ మాత్రల్లో ఉండేది మెగ్నీషియం. మన ప్రయోగంలో జింకు ఉన్న చోట అది ఉంటుంది. పాడైన మూత్రపిండాలు మెగ్నీషియాన్ని బయటికి పంపలేవు.

నాలుగు, షుగరు నయం చేస్తామని ప్రకటించడం మన దేశంలో 1954 చట్టం ప్రకారం నేరం. ఎవరైనా వేదికెక్కి ఆ మాట అంటే, వారికి చట్టం తెలియదనో, తెలిసీ అంటున్నారనో అర్థం.

వీటితో పాటు రోజూ పడుకునేముందు పాదాలు చూసుకోండి. కింద కనపడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవారిని చూడమనండి. ఇందులో సిగ్గేమీ లేదు. నా మిత్రుడి పాదాన్ని ఆ రెండు రోజుల్లో ఎవరైనా ఒక్కసారి చూసి ఉంటే ఈ కథ ఇక్కడ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఇక సభలో ఉన్న డాక్టర్లకు, నర్సులకు, మందుల అంగళ్ళు నడిపే తమ్ముళ్ళకు ఒక విన్నపం. ఒకప్పుడు మన తాతలు జబ్బు చేస్తే బండి కట్టుకుని జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రికి పోయేవారు. దూరమైనా పోయేవారు, అక్కడ తమ మాట వింటారన్న నమ్మకంతో. ఇప్పుడు ప్రతి వీధిలో డాక్టరున్నాడు. మేము రోగికి ఇచ్చేది మూడు నిమిషాలు. సీసాలమ్మేవారు మూడు గంటలు కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పేరు పెట్టి పిలిచి, వాళ్ళ బాధ విన్నారు. మా మిత్రుడు మోసపోయింది బుడగలకు కాదు, ఆ మూడు గంటలకు. పక్కనే డాక్టరు మిత్రుడు ఉండి కూడా, వాడికి అడిగే ధైర్యం లేకుండా చేసింది నా నవ్వు. ఎవరైనా మీ దగ్గరికొచ్చి, ‘ఇట్లాంటిది ఒకటి వాడుతున్నా’ అంటే తిట్టొద్దు. ‘మంచిది, రిపోర్టు తీసుకురా, ఇద్దరం చూద్దాం’ అనండి. ఆ ఒక్క మాటతో వాడు మాత్ర మానేసే ముందు మీ దగ్గరికి వస్తాడు.

మన సంఘానికి ఒక ప్రతిపాదన పెట్టి ముగిస్తాను. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు చోట్లా నెలకొక ఆదివారం మన పూర్వ విద్యార్థులం కూర్చుందాం. ఒక టేపు, ఒక బీపీ మిషను, ఒక గ్లూకోమీటరు, పాదం చూడటానికి ఒక స్టూలు చాలు. మందులు అమ్మొద్దు, ఏదీ అమ్మొద్దు. ఎవరేం వాడుతున్నా చెప్పుకునే చోటుగా ఉందాం. మొదటి శిబిరం జమ్మలమడుగులో. దానికి తన ఫ్యాక్టరీ షెడ్డు ఇస్తానని నా మిత్రుడు ఒప్పుకున్నాడు. రాతి పెచ్చులు ఊడ్పించి పెడతానని మాట కూడా ఇచ్చాడు. సీసా కూడా బల్ల మీద పెడతాడంట, అడిగినవారికి తన కథ చెప్పడానికి.

సైన్సు మాస్టారు ఇప్పుడు మన మధ్య లేరు. ఉంటే ఈ ప్రసంగం అయ్యాక నన్ను నిలబెట్టి అడిగేవారు: "ఇదంతా నీకెట్ల తెలుసు?" మీరు చెప్పినారు సార్ అంటే ఒప్పుకునేవారు కాదు. కాబట్టి మీరూ నా మాట ఊరికే నమ్మొద్దు. ఆ నాలుగు ప్రశ్నలూ నన్నూ అడగండి.